కాంట్రాక్ట్ ఉద్యోగం, మెటర్నిటీ లీవ్: నా అనుభవం

నిన్న మెటర్నిటీ లీవ్ డబ్బు అకౌంట్లో పడింది. కాంట్రాక్ట్ వాళ్ళకి మెటర్నిటీ లీవ్ ఉండదని నాకు చెప్పినవాళ్ళు ఒకరిద్దరు కాదు, అందుకే ఆలస్యం చేయకుండా రాసేస్తున్నా.

లీవ్ అడగడం తేలికే. 1961 నాటి మెటర్నిటీ బెనిఫిట్ చట్టం (2025 నవంబర్ నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్) ప్రకారం, డాక్టర్ చెప్పిన డెలివరీ తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, అందులో 8 వారాల దాకా డెలివరీకి ముందే వాడుకోవచ్చు. డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి మెయిల్ పెట్టాను, అయిపోయింది.

తర్వాత హెచ్‌ఆర్ నుంచి పిలుపొచ్చింది. గదిలో హెచ్‌ఆర్ ఆయన, మా మేనేజర్. అప్పటికే టైప్ చేసి పెట్టిన కాగితం నా ముందుకు జరిపారు. వ్యక్తిగత కారణాల వల్ల నా ఇష్టంతోనే రాజీనామా చేస్తున్నానని ఉంది అందులో. ఇదేంటని అడిగితే, "మీ కాంట్రాక్ట్ లీవ్ మధ్యలోనే అయిపోతుంది కదమ్మా, ఆ తర్వాత మీరు మా ఉద్యోగే కాదు, ఇంక లీవ్ ఎలా ఇస్తాం?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే మేనేజర్ అందుకుని "చేరేటప్పుడే ఇలాంటి ప్లాన్ ఉందని చెప్పాల్సింది" అన్నాడు. ఆయన టీమ్ కోసం ఎన్ని రాత్రులు మేలుకుని పనిచేశానో ఆయనకి తెలుసు, అయినా ఆ మాట అనగలిగాడు. ఎనిమిదో నెల, నడుము నొప్పితో సరిగ్గా కూర్చోలేకపోతున్నాను, నా కడుపులో బిడ్డ గురించి ఇద్దరు మగవాళ్ళు ఆఫీసు ఖర్చు లెక్కేసినట్టు మాట్లాడుతున్నారు. చివర్లో హెచ్‌ఆర్ ఆయన నవ్వుతూ "సమానత్వం కావాలంటారు, మళ్ళీ ఆర్నెల్లు స్పెషల్ లీవ్ కూడా కావాలంటారు" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ సంతకం మాత్రం పెట్టలేదు. కాగితం కాపీ ఇమ్మంటే ఇవ్వకుండా వెనక్కి తీసేసుకున్నారు.

ఆ నవ్వుకి జవాబు చెప్పి తీరాలి. మహిళల పట్ల వివక్షకు వ్యతిరేకంగా 1979లో ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందాన్ని మన దేశం 1993లో ఆమోదించింది. అందులో నాలుగో అధికరణం రెండు సంగతులు చెబుతుంది. ఆడవాళ్ళు వెనకబడ్డ చోట సమానత్వం వచ్చేదాకా తీసుకునే తాత్కాలిక ప్రత్యేక చర్యలు వివక్ష కావు, అది వచ్చాక వాటిని ఆపేయాలి. మాతృత్వానికి ఇచ్చే రక్షణ కూడా వివక్ష కాదు, దానికి మాత్రం ఆపేయాలన్న షరతు లేదు. బిడ్డను కన్నందుకు ఉద్యోగం పోతుంటే ఇంక సమానత్వం ఎక్కడుంది? 2000లో ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ మస్టర్ రోల్ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఈ ఒప్పందాన్నే ప్రస్తావించి, రోజు కూలీ ఆడవాళ్ళకి కూడా ఈ ప్రయోజనం దక్కాలని చెప్పింది.

ఆ రాత్రే గదిలో ఎవరు ఏమన్నారో మొత్తం రాసి ఇద్దరికీ మెయిల్ చేశాను. మాటలతో జరిగినదాన్ని అదే రోజు రాతలో పెట్టండి, నన్ను కాపాడింది అదే. కవితా యాదవ్ అనే ఆమె కేసు తీర్పు కూడా జతచేశాను. ఆమెది కూడా కాంట్రాక్ట్ గడువు ముగిసిందన్న గొడవే, గడువులో మిగిలిన 11 రోజులకే లీవ్ వస్తుందన్నారు. 2023లో సుప్రీంకోర్టు, కాంట్రాక్ట్ ముగిసినా పూర్తి ప్రయోజనం ఇవ్వాల్సిందేనని తేల్చింది.

మా బంధువుల్లో ఒక లాయర్ గారు "వదిలెయ్యమ్మా, రేపు ఇంకో కంపెనీ నీ గురించి వీళ్ళనే అడుగుతుంది" అన్నారు. ఇలాంటి సలహాలే కంపెనీలకి ధైర్యం. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాను, ఈ చట్టం కింద విచారించే అధికారం అక్కడి ఇన్‌స్పెక్టర్‌కి ఉంది. అక్కడ నాతో మర్యాదగానే మాట్లాడారు. కంపెనీకి నోటీసు వెళ్ళాక రాజీనామా ఊసే లేదు.

డబ్బు దగ్గర మళ్ళీ పేచీ. డెలివరీ రుజువు ఇచ్చిన 48 గంటల్లో డెలివరీ తర్వాతి లీవ్‌కి రావాల్సిన మొత్తం ఇవ్వాలి, వీళ్ళు సాగదీసి సాగదీసి బేసిక్ మీదే లెక్కకట్టారు. డీఏ కూడా కలపాలి, లీవ్‌కి ముందు మూడు నెలల సగటు తీయాలి. మీ పే స్లిప్పులు దగ్గర పెట్టుకుని మీరే లెక్క వేసుకోండి, వాళ్ళ ఎక్సెల్ షీట్‌ని నమ్మకండి. నేను నా లెక్క పంపాకే నిన్న పూర్తి మొత్తం వచ్చింది. కంపెనీ ఉచితంగా వైద్యం చేయించకపోతే ఇవ్వాల్సిన 3,500 రూపాయల మెడికల్ బోనస్ మాత్రం ఇంకా ఇవ్వలేదు. దాని కోసం ఇవాళ పొద్దున్నే మెయిల్ పెట్టాను, లేబర్ ఆఫీసుకీ కాపీ పెట్టాను.