మాటు వేసిన గిన్నె

పాత చైనా పింగాణీ గిన్నె చేతికి రాగానే మా అబ్బాయి ముందు దాన్ని బోర్లిస్తాడు. పైన పువ్వులు ఎంత అందంగా ఉన్నా, వాటి సంగతి తర్వాతే. అడుగున కుదురులా ఉండే అంచు చుట్టూ మెల్లగా వేలు తిప్పుతాడు. అక్కడ గాజులాంటి మెరుగు పూత ఉండదు కాబట్టి మట్టి గరుగ్గా తెలుస్తుంది. ఒక్కోసారి బట్టీలో అంటుకున్న ఇసుక రేణువులు కూడా తగులుతాయి. ఆ తర్వాత వెలుతురుకి వంచి లోపలి అడుగు చూస్తాడు. అప్పట్లో గిన్నెలో గిన్నె పేర్చి కాల్చేవారు. అవి అతుక్కుపోకుండా లోపల ఒక చుట్టు మేర మెరుగు తీసేసేవారు. ఆ చుట్టు కనిపిస్తే చాలు, వాడి మొహం వెలిగిపోతుంది. "కిచెన్ చింగ్, అమ్మా!" అంటాడు. చైనాలో చింగ్ రాజుల కాలంలో మామూలు జనం అన్నం తిన్న గిన్నెలన్నమాట. ఫూజియాన్‌లోని దెహువా లాంటి చోట్ల చేసి ఓడలకెక్కించి మేముండే సింగపూర్ వైపు దేశాలకు పంపేవారు.

వాడికి 13 ఏళ్లు. పుట్టింది, పెరుగుతున్నది సింగపూర్‌లోనే. ఇక్కడి బళ్లలో మాతృభాషగా తీసుకోవడానికి తెలుగు లేదు, హిందీ తీసుకున్నాడు. తెలుగంటే ఇంట్లో మేం మాట్లాడుకునేదే. అలాంటిది, పండక్కి తాతయ్య ఇచ్చిన డబ్బులు కూడా దాచి చైనా గిన్నెలు కొంటుంటే నాకు లోలోపల ఒకటే టెన్షన్. వాడితో ఎప్పుడూ అనలేదు గానీ, "వీడు మన చేతుల్లోంచి జారిపోతున్నాడేమో" అని మా ఆయన దగ్గర చాలాసార్లు బాధపడ్డాను.

ఈ ఇష్టం పక్క ఫ్లాట్ పెద్దావిడ దగ్గర మొదలైంది. వాడు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమెను పోపో అనే పిలుస్తాడు. కాంటనీస్‌లో అమ్మమ్మ అని. ఆమె ఇల్లు మారుతూ, తన తల్లి వాడిన గిన్నె ఒకటి వీడి చేతిలో పెట్టింది. చుట్టూ నీలం రంగులో, చైనా పెళ్లిళ్లలో కనిపించే జంట ఆనందం అక్షరం. ఒక పక్కన అంచు నుంచి కిందిదాకా పగులు. ఆ పగులుకి అడ్డంగా మూడు ఇత్తడి కుట్లు. గిన్నె మందంలో సగం వరకే సన్నటి రంధ్రాలు తొలిచి, కుట్టు కొనలు వాటిలో బిగించారు. అందుకే లోపల ఒక్క రంధ్రం కూడా కనిపించదు.

ఆ తర్వాత శనివారాలు ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియంలో గడిచాయి. ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర మునిగి, 1998లో దొరికిన అరబ్బు ఓడ సరుకు అక్కడ ఉంది. తొమ్మిదో శతాబ్దం నాటిది, దాదాపు 60 వేల వస్తువులు. అందులో నీలం తెలుపు పళ్లేలు మూడే మూడు. చైనాలో చేసిన ఆ రకంలో చెక్కుచెదరకుండా మిగిలిన అతి పాతవాటిలో అవి ఉన్నాయి. నేనైతే పది నిమిషాల్లో చూసేసి కాఫీకి వెళ్లిపోయేదాన్ని. వాడు మాత్రం ఆ మూడింటి ముందు నుంచి కదిలేవాడు కాదు.

ఒకరోజు తెక్ సింగ్ అనే చైనా ఓడ గురించి చదివి అన్నం తినకుండా కూర్చున్నాడు. 1822లో ఆ ఓడ మునిగితే సుమారు 1,600 మంది పోయారు. 1999లో సముద్రం అడుగు నుంచి మూడున్నర లక్షల పింగాణీ వస్తువులు పైకి తీసి, మరుసటి ఏడు జర్మనీలో వేలం వేశారు. "అమ్మా, అంతమంది పోయిన ఓడలోవి కదా, అవి ఎవరివవుతాయి?" అన్నాడు.

నాకు చప్పున మోటుపల్లి పాత రేవు గుర్తొచ్చింది. మా పుట్టిల్లు చీరాల, అక్కడికి దగ్గరే. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం గురించి చెప్పాను. గాలివానకు దెబ్బతిని ఓడలు ఒడ్డుకు కొట్టుకొస్తే అంతకుముందు రాజులు సరుకంతా లాక్కునేవారట. ఈయన మాత్రం న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని రాతిమీద చెక్కించి మాట ఇచ్చాడు. వాడు కంచం పక్కకు జరిపి, "మన ఊరి దగ్గరేనా? ఆ రాయి ఇప్పటికీ ఉందా? నేను చూడొచ్చా?" అంటూ ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. ఊరి గురించి వాడంతట వాడు అన్ని అడగడం నేను అదే మొదటిసారి చూడటం.

పోయిన ఏడాది అమ్మ వచ్చింది. అల్మారాలో పోపో ఇచ్చిన గిన్నె చూసి, "పగిలిన గిన్నె ఇంట్లో ఉంచకూడదే తల్లీ, తీసేయ్" అంది. వాడు ఏమీ అనలేదు. గిన్నె తెచ్చి అమ్మమ్మ ఒళ్లో బోర్లించి పెట్టాడు. అమ్మ కళ్లజోడు సర్దుకుని ఆ కుట్లు తడిమి చూసింది. చాలాసేపు తడుముతూనే ఉంది.

"ఇది మాటు వేసిన గిన్నెరా! పింగాణీకి కూడా మాటు వేస్తారా?" అంది. తన చిన్నప్పుడు కొలిమి భుజాన వేసుకుని వీధిలోకి వచ్చే మనిషి గురించి, చిల్లుపడ్డ బిందెలకు అరుగు మీదే కూర్చుని మాట్లు వేయడం గురించి ఆ సాయంత్రమంతా చెప్పింది. వాడు తన గిన్నెల పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల్లో 'మాటు' అని రాసుకున్నాడు. పక్కనే తెలుగులో ఎలా రాయాలో నన్నడిగి, మూడుసార్లు కొట్టేసి నాలుగోసారి సరిగ్గా రాశాడు.

ఊరెళ్లిన నెలకి అమ్మ వీడియో కాల్ చేసింది. అటక మీంచి వాళ్లమ్మ రాగి బిందె దింపించిందట, దుమ్ము కూడా దులపకుండా ఫోన్ ముందు పెట్టింది. వీడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అమ్మమ్మా, ముందు బోర్లించు," అన్నాడు.