ఇంజన్ కొనబోయి కారు కొన్నాను

మా బావమరిది దగ్గర్నుంచి నా చేతికి వచ్చేనాటికే ఈ 2002 మోడల్ హోండా సిటీ వీటెక్ ఇంజన్ కింది నుంచి టకటకమంటోంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు వినీ వినపడనట్టు ఉండేది. వేడెక్కి ఆయిల్ పలచబడ్డాక మాత్రం యాక్సిలరేటర్ వదిలిన ప్రతిసారీ స్పష్టంగా కొట్టేది. హైదరాబాద్ నాచారంలో ఉస్తాద్ షెడ్డుకి తీసుకెళ్లి ఆయిల్ చాంబర్ విప్పిస్తే అడుగున మెరిసే రజను. రెండో సిలిండర్ రాడ్ బేరింగ్ తిరిగిపోయింది, పిస్టన్ల రాడ్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ మీద గోరు పెట్టి గీస్తే తగిలేంత గీతలు పడ్డాయి.

ఈ కారు గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. సిటీ మన దేశానికి 1998లో వచ్చింది. 2000 చివర్లో అదే బాడీలో 1493 సీసీ వీటెక్ ఇంజన్ (వేగం పెరిగాక వాల్వులు మరింతగా తెరుచుకుని ఊపు పెంచే హోండా ఏర్పాటు ఉన్నది) పెట్టి 106 హార్స్‌పవర్‌తో వదిలారు. ఆ రోజుల్లో మామూలు ఇంటివాళ్లు కొనగలిగిన సెడాన్లలో ఇంత ఉత్సాహంగా పరిగెత్తేవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2003లో కొత్త ఆకారంతో వచ్చిన సిటీలో 77 హార్స్‌పవర్ ఐ-డీఎస్ఐ ఇంజన్ పెట్టారు. మైలేజీ బాగుందని జనం మెచ్చుకున్నారు. పాత బండి నడిపినవాళ్లు మాత్రం దాన్ని అమ్మకుండా దాచుకున్నారు. మా బావమరిది అలా దాచుకున్నవాడే.

మొదట అందరూ చెప్పింది రిపేరు చేయించుకోమనే. లేత్ షాపులో క్రాంక్ గ్రైండింగ్ చేయించు, ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయించు, కొత్త ఇంజన్ అయిపోతుంది అని. అంబాసిడర్‌కో అశోక్ లేలాండ్‌కో అయితే ఆ మాట నిజమే. హోండా దగ్గర చిక్కేమిటంటే, గ్రైండింగ్ చేసి సన్నబడిన క్రాంక్‌కు సరిపోయే లావు బేరింగులు కంపెనీ ఇవ్వదు. దాని బేరింగులు రంగు గుర్తులతో వస్తాయి. క్రాంక్ మీదా, బ్లాకు లేదా రాడ్ మీదా ఉన్న గుర్తులు చూసి ఏ రంగుది ఎక్కడ వేయాలో లెక్క కట్టాలి. తేడా అంతా మైక్రాన్లలో. అంటే ఆ పద్ధతి అరగని క్రాంక్‌కే పనికొస్తుంది. లేత్ షాపాయన వేరే కారు బేరింగును సాపు చేసి కూర్చోబెడతానన్నాడు. చేతిపని ఉన్న మనిషే, కాదనను. కానీ ఈ ఇంజన్ అసలు పవరు చూపించేదే 6800 ఆర్పీఎం దగ్గర. అక్కడ సాపు చేసిన బేరింగు మీద నాకు నమ్మకం లేదు. కొత్త క్రాంక్ దొరకలేదు. పిస్టన్ ఆడే సిలిండర్ గోడ, అంటే బోరు కూడా అరిగి ఉంది. ఇంజన్ మార్చడమే అని తేల్చుకున్నాం.

ఏ ఇంజన్ అన్న చర్చ మొదలైంది అప్పుడే. ఇంట్లో మా అన్న, షెడ్డులో కుర్రాళ్లు, ఆఫీసులో తోటివాడు, ఒక్కొక్కరిదీ ఒక్కో సలహా.

చవకైనది మామూలు 1.5 సిటీ ఇంజన్. బ్లాకు అదే, 75 మిల్లీమీటర్ల బోరు, 84.5 స్ట్రోకు. మౌంటింగులు అవే. కాగితం మీద 100 హార్స్‌పవర్, అంటే ఆరే తక్కువ. కానీ దాని హెడ్‌లో, అంటే వాల్వులుండే పైభాగంలో, వీటెక్ లేదు. నా కారు కంప్యూటర్ వీటెక్ వాల్వు కోసం, దాని ప్రెజర్ స్విచ్ కోసం వెతుకుతూ చెక్ ఇంజన్ లైటు వెలిగిస్తుంది. కంప్యూటర్‌నీ మార్చాలి. అన్నీ మార్చాక డిక్కీ మీద వీటెక్ అన్న అక్షరాలు ఎవరిని మోసం చేయడానికి?

ఆఫీసు తోటివాడు, ఆ తర్వాత వచ్చిన సిటీ జెడ్ఎక్స్ ఇంజన్ వేసెయ్, ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది అన్నాడు. దొరుకుతుంది, కూర్చోదు. నా కారులో ఉన్నలాంటి పాత డి సిరీస్ హోండా ఇంజన్లు తక్కిన ప్రపంచానికి ఎదురు తిరుగుతాయి. పుల్లీ వైపు నుంచి చూస్తే అపసవ్యంగా. తర్వాత వచ్చిన ఎల్ సిరీస్ అందరిలాగే సవ్యంగా తిరుగుతుంది, గేర్‌బాక్స్ ఉండే వైపు కూడా మారిపోయింది. దాన్ని ఇందులో పెట్టాలంటే ఇంజన్ గది అంతా కోసి మళ్లీ కట్టాలి.

ఇక కుర్రాళ్ల కల జపాన్ నుంచి వచ్చే హాఫ్ కట్, అంటే ఇంజన్‌తో సహా కోసి పంపే కారు ముందు సగం. 1590 సీసీ డి16 అయితే పెద్ద కోత లేకుండా కూర్చుంటుంది, ఇంకా ధైర్యం ఉంటే బి16. నాకూ నోరూరింది, అబద్ధమెందుకు. ఆపింది ఆర్సీ. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి గట్టిగా చెప్పింది. 1493 సీసీ అని రాసి ఉన్న ఆర్సీతో 1590 సీసీ బండి నడిపితే రోడ్డు మీద ఎవరూ పట్టుకోకపోవచ్చు. ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ సర్వేయర్ బానెట్ ఎత్తిన రోజు పట్టుకుంటాడు. అవతల గాయపడింది మనిషైతే ఆ క్లెయిమ్ సంగతేమిటి? నేను రోజూ ఉప్పల్ రింగురోడ్డులో తోలే బండి ఇది, ఆదివారం బొమ్మ కాదు.

కాబట్టి అదే వీటెక్, అదే రకం ఇంజన్. నంబరు ఒక్కటే మారాలి.

వెతకడం మొదలుపెట్టాను. రాణిగంజ్, పుత్లీబౌలి, ఒకసారి విజయవాడ ఆటోనగర్ దాకా. వెంట సిలిండర్లో ఒత్తిడి కొలిచే ఒక కంప్రెషన్ గేజ్, ఫోనుకు తగిలించే సన్న కెమెరా. ప్లగ్గు రంధ్రంలోంచి కెమెరా దింపితే పిస్టన్ తల, బోరు గోడ కనపడతాయి. ప్రతి ఇంజనూ ‘రన్నింగ్ కండిషనే సార్’. ఒకచోట ఆయిల్ మూత తిప్పితే లోపల కాఫీ నురగలాంటి ముద్ద, అంటే నీళ్లు ఆయిల్‌లో కలిశాయన్నమాట. ఇంకోచోట బ్లాకు మీద నంబరు ఉండాల్సిన చోట గ్రైండర్ పెట్టి నున్నగా చేసేశారు. ధర అడక్కుండానే వచ్చేశాను. మిగతావి చూడ్డానికి బాగానే ఉన్నా పరీక్షించే దారి లేదు. ఈ కార్లలో స్టార్టర్ మోటారు గేర్‌బాక్స్‌కు బిగించి ఉంటుంది. గేర్‌బాక్స్ ఊడదీసి టైరు మీద పడుకోబెట్టిన ఇంజన్‌ను తిప్పేదెలా? కంప్రెషన్ చూసేదెలా? పైగా బిల్లు అడగ్గానే సగం మంది మొహాలు మారిపోతాయి.

ఉస్తాద్ అన్నాడు, ‘ఇంజన్ ఎందుకు కొంటవ్ తమ్మీ, కారు కొను. గుద్దుకున్నది ఉంటది యాడనో.’

సంగారెడ్డిలో దొరికింది. రిటైరైన టీచరు గారి కారు, మొదటి ఓనరే. వెనక నుంచి లారీ గుద్ది డిక్కీ వెనక సీటు దాకా నలిగిపోయింది. ముందు భాగానికి గీత కూడా పడలేదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే ఉండటంతో కంపెనీ నుంచి రూపాయి రాలేదు, బండి ఇంటి ముందు టార్పాలిన్ కింద ఉండిపోయింది. ‘నడిచే బండి బిడ్డా, ఆ లారీ తగలకపోతే నేనే ఇంకో పదేండ్లు నడుపుదును’ అన్నారాయన. సర్వీసు బిల్లులన్నీ సంచిలో పెట్టి ఉంచారు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కూడా రాసి ఉంది. నాకు కంప్రెషన్ గేజ్ కంటే ఆ సంచే ఎక్కువ ధైర్యమిచ్చింది.

అయినా గేజ్ పెట్టాం. బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేసి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా వేడెక్కనిచ్చి, నాలుగు ప్లగ్గులూ తీసేసి, పెట్రోలూ కరెంటూ ఆపి, యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కి పట్టుకుని తిప్పాం. యాక్సిలరేటర్ తొక్కడం మర్చిపోతే గాలి లోపలికి పోక అంకె తక్కువ చూపిస్తుంది, మంచి ఇంజన్ కూడా చెడ్డదనిపిస్తుంది. ఈ రకం ఇంజన్‌కు హోండా చెప్పే కనీసం 135 పీఎస్ఐ, సిలిండర్ల మధ్య తేడా 28 దాటకూడదు. మాకు నాలుగూ 165కు పైనే వచ్చాయి, తేడా పది లోపు. పరీక్షించలేకపోయింది వీటెక్‌నే. నిలబెట్టి రేస్ చేస్తే అది పనిచేయదు, బండి కదులుతూ ఉండాలి. వెనక చక్రం బాడీలో ఇరుక్కుపోయింది. వాల్వ్ కవర్ తీసి ఇన్‌టేక్ వైపు వాల్వులను నొక్కే మూడేసి రాకర్ ఆర్ములు దేనికది విడిగా కదులుతున్నాయని వేలితో నొక్కి చూశాం, వీటెక్‌కు ఆయిల్ వదిలే కరెంటు వాల్వు, అంటే సోలెనాయిడ్‌కు బ్యాటరీ తీగ తగిలిస్తే టిక్కుమంది. అంతటితో సరిపెట్టుకున్నాం.

ధర మామూలు ఇంజన్ ధరకు రెట్టింపుకు కొంచెం తక్కువ. దానికి గేర్‌బాక్స్, కంప్యూటర్, డిస్ట్రిబ్యూటర్, వైరింగ్, రేడియేటర్, అన్నింటికంటే ముఖ్యంగా ఇంజన్ నంబరు అచ్చయి ఉన్న ఆర్సీ వచ్చాయి. మాస్టారు ఆ రిజిస్ట్రేషన్ రద్దుకు దరఖాస్తు పెట్టారు, అమ్మినట్టు నాకు రాసిచ్చారు. ఆ కాగితాలన్నీ జతచేసి, ఇంజన్ దించకముందే నా బండికి ఇంజన్ మార్పు అనుమతి కోసం ఆర్టీఏలో దరఖాస్తు పెట్టాను. ముందు మార్చేసి తర్వాత చెప్పుకుందాం అనేవాళ్లు చాలామంది. దొంగబండి ఇంజన్ కాదని రుజువు చేసుకోవలసింది మనమే అని వాళ్లకు అప్పటికి తట్టదు.

ఇక షెడ్డు పని. పాత ఇంజన్‌ను చైన్ బ్లాకుతో పైకి లేపారు. ఏసీ కంప్రెసర్‌ను పైపులు విప్పకుండా పక్కకు తీసి తాడుతో కట్టేశారు, గ్యాస్ మిగిలింది. నేను ప్రతి వైరు కనెక్టర్‌కీ కాగితం టేపు అంటించి నంబరు రాస్తుంటే కుర్రాళ్లు నవ్వారు.

కొత్త ఇంజన్ నేల మీద ఉండగానే చేయాల్సినవి చేయించాను. కంప్రెషన్ బాగుంది కదా అని నేరుగా ఎక్కించేస్తామంటారు, ఒప్పుకోకూడదు. టైమింగ్ బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు ఒకేసారి మార్చాలి. ఎందుకంటే ఈ ఇంజన్‌లో వాటర్ పంపును తిప్పేది కూడా ఆ బెల్టే. పంపు బిగుసుకుపోతే బెల్టూ పోతుంది. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగిపోతాయి. క్యామ్ సీలు, ముందు క్రాంక్ సీలు, డిస్ట్రిబ్యూటర్ రింగు మార్చాం. గేర్‌బాక్స్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే వెనక క్రాంక్ సీలు మీద మాత్రం ఉస్తాద్‌తో కొంచెం వాదించాల్సి వచ్చింది. కారడం లేదు కదా అంటాడు. సీలు ఖరీదు కొన్ని వందలు, రేపు కారితే దాన్ని చేరడానికి గేర్‌బాక్స్ దించాలి. మార్చాడు. క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా అప్పుడే.

క్రాంక్ పుల్లీ బోల్టు విప్పడానికి ఒక పూట పోయింది. హోండా మెకానిక్కులకు ఇది కొత్త కాదు. పుల్లీ తిరగకుండా పట్టుకునే 50 మిల్లీమీటర్ల హెక్స్ టూలు ఒకటి, రెంచికి తొడిగిన పొడవాటి ఇనుప పైపు ఒకటి, పైపు మీద వేలాడిన ఇద్దరు మనుషులు. బెల్టు ఎక్కించాక ఒక కుర్రాడు అలవాటుగా క్రాంక్‌ను సవ్యంగా తిప్పబోతే ఉస్తాద్ అరిచాడు, ‘ఉల్టా తిప్పురా, ఇది హోండా!’ మార్కులు కలిశాయో లేదో చూడ్డానికి చేత్తో రెండు పూర్తి చుట్లు అపసవ్యంగా తిప్పి, మళ్లీ చూసుకుని, అప్పుడు కవర్ మూశాడు. ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గర వదిలే సందులు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే సెట్ చేశారు, ఇన్‌టేక్ 0.20, ఎగ్జాస్ట్ 0.25 మిల్లీమీటర్లు.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయనివ్వలేదు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎంతో ఇంట్లో గీజర్ కాయిల్ చూస్తే తెలుస్తుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోసి, పైన ఉండే బ్లీడ్ బోల్టు లోంచి బుడగలు ఆగేదాకా గాలి తీశాం. మొదటిసారి తిప్పినప్పుడు పెట్రోల్ రాకుండా ఆపి, ఆయిల్ లైటు ఆరిపోయేదాకా ఊరికే స్టార్టర్ కొట్టాం. తర్వాత పెట్రోల్ ఇస్తే రెండో తిప్పుకు అందుకుంది.

కానీ మే నెల ఎండలో రెండు గంటలు నిలబెట్టి వచ్చి తాళం తిప్పితే స్టార్ట్ కాలేదు. అద్దాలు దించి కాసేపు ఆగితే అయ్యింది. కొత్త ఇంజన్‌దే తప్పు అనుకునేవాణ్ణి. ఉస్తాద్ డ్యాష్‌బోర్డు కిందికి చెయ్యి పెట్టి మెయిన్ రిలే లాగాడు. పెట్రోల్ పంపుకు కరెంటిచ్చేది అదే. లోపల టంకం చిట్లి, వేడికి వ్యాకోచించి ఎడమవుతోంది. పాత హోండాలకు ఇది ఉన్నదే. టంకం మళ్లీ పెడితే పోయింది.

వీటెక్ సంగతి ఔటర్ రింగురోడ్డు మీద తేలింది. ఘట్‌కేసర్ దగ్గర ఎక్కి రెండో గేర్‌లో పైకి లాగితే, ఊపు రావలసిన చోట రాకపోగా చెక్ ఇంజన్ లైటు వెలిగింది. సర్వీసు కనెక్టర్‌లో తీగ ముక్క పెట్టి చూస్తే లైటు రెండు పొడవు, రెండు పొట్టి మెరుపులు మెరిసింది. కోడ్ 22, వీటెక్ ప్రెజర్ స్విచ్. సోలెనాయిడ్ విప్పితే దాని జల్లెడ నల్లటి మడ్డితో సగం మూసుకుపోయి ఉంది. కడిగి, కొత్త గ్యాస్కెట్ వేసి, స్విచ్ మాత్రం పాత ఇంజన్‌ది తీసి పెట్టాం. ఆయిల్, ఫిల్టర్ కూడా మార్చేశాం. మళ్లీ అదే రోడ్డు, అదే గేర్. ఈసారి శబ్దం మారింది, గొంతు తెరిచినట్టు, సూది రెడ్‌లైన్ వైపు పరిగెత్తింది. పక్క సీట్లో మా అన్న పైనున్న హ్యాండిల్ పట్టుకున్నాడు.

ఆర్టీఏలో ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తించి బ్లాకు మీద నంబరు టార్చి వేసి చదివాడు, చాసిస్ నంబరుకు పెన్సిల్ ప్రింటు తీసుకున్నారు, మాస్టారి కాగితాలతో పోల్చి చూశారు. సీసీ గడిలో 1493 అలాగే ఉంది కాబట్టి ప్రశ్నలేమీ రాలేదు. కొత్త ఆర్సీ వచ్చాక దాన్ని ఇన్సూరెన్స్ కంపెనీకి పంపి పాలసీలో ఇంజన్ నంబరు మార్పించాను. ఈ చివరి పని చాలామంది వదిలేస్తారు.

సంగారెడ్డి కారు ఖాళీ బాడీని కబాడీవాళ్లు తూకానికి తీసుకెళ్లారు. రెండో గేర్‌బాక్స్, పాత హెడ్, డిస్ట్రిబ్యూటర్ ఉస్తాద్ షెడ్డు అటక మీద ఉన్నాయి. వచ్చే నెల సస్పెన్షన్ బుష్‌లు మార్పించాలి.