లోడ్ టెస్ట్ ఎక్కడి నుంచి నడపాలి: క్లౌడా, సొంత సర్వర్లా?

లోడ్ టెస్టింగ్‌కు, అంటే ఒకేసారి ఎక్కువమంది వాడుతున్నట్టు రద్దీ పుట్టించి అప్లికేషన్ ఎంత తట్టుకుంటుందో చూసే పరీక్షకు, క్లౌడ్ యంత్రాలను అద్దెకు తీసుకుందామా, ఉన్న సర్వర్లతోనే కానిద్దామా అన్న చర్చ వచ్చినప్పుడల్లా ముందుగా ఖర్చుల పట్టిక బయటికి వస్తుంది. నా దృష్టిలో అది చివర చూడవలసిన కాగితం. పరీక్ష కోసం మనం పుట్టించే రద్దీ ఏ దారి గుండా అప్లికేషన్‌ను చేరాలి అన్నది తేలితే, సగం నిర్ణయం దానంతటదే జరిగిపోతుంది.

ఈ సంగతి నాకు తలబొప్పి కట్టాకే తెలిసింది. ఒకసారి అప్లికేషన్ ఉన్న నెట్‌వర్క్‌లోనే ఒక లినక్స్ యంత్రాన్ని పెట్టి, మేమే రాసుకున్న స్క్రిప్టుతో లోడ్ పెంచుకుంటూ పోయాము. సెకనుకు సగటున 470 కొత్త కనెక్షన్ల దగ్గర గ్రాఫ్ గీత గీసినట్టు ఆగిపోయింది. అప్లికేషన్ శక్తి ఇంతేనని రిపోర్టు కూడా రాసేశాము. డెవలపర్లు మాత్రం తమ సర్వర్ సీపీయూ సగం కూడా వాడలేదని చూపించి ఒప్పుకోలేదు. చివరికి మా యంత్రం లాగ్ తెరిచి చూస్తే, అందులో 'కెనాట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రస్' (అడిగిన చిరునామాను కేటాయించలేను) అన్న వాక్యం వేల సార్లు ఉంది. బయటికి వెళ్లే కనెక్షన్లకు లినక్స్ డిఫాల్ట్‌గా 32768 నుంచి 60999 వరకు, అంటే 28,232 పోర్టులనే (కనెక్షన్లను గుర్తించడానికి యంత్రం ఇచ్చే నంబర్లు) వాడుతుంది. కనెక్షన్‌ను ముందుగా మూసింది మనమే అయితే ఆ పోర్టు 60 సెకన్ల పాటు టైమ్-వెయిట్ అనే నిరీక్షణ స్థితిలో చిక్కుకుని ఉంటుంది. ఒకే ఐపీ (నెట్‌వర్క్‌లో యంత్రం చిరునామా) నుంచి ఒకే చిరునామాకు వెళ్తున్నప్పుడు 28,232ను 60తో భాగిస్తే వచ్చేది ఆ 470 మాత్రమే. ప్రతి రిక్వెస్టుకూ కొత్త కనెక్షన్ తెరిచి మూయకుండా, తెరిచినదాన్నే మళ్లీ వాడేలా స్క్రిప్టు మార్చగానే ఆ అడ్డుగోడ మాయమైంది. మేము అన్నాళ్లూ కొలిచింది అప్లికేషన్‌ను కాదు, మా యంత్రాన్ని.

క్లౌడ్‌కు మారితే ఈ బాధలు తీరుతాయనుకోవడం కూడా పొరపాటే. ఆ తర్వాతి పరీక్షకు క్లౌడ్‌లో పది యంత్రాలను తీసుకున్నాము, కానీ అవన్నీ ఒకే నాట్ గేట్‌వే (అనేక యంత్రాలను ఒకే ఐపీతో బయటికి పంపే ద్వారం) గుండా బయటికి వస్తున్న సంగతి పట్టించుకోలేదు. రద్దీని సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్, రిక్వెస్టు పంపినవారి ఐపీని బట్టి సర్వర్‌ను ఎంచుకునే పద్ధతిలో ఉండటంతో, పది యంత్రాల రద్దీ అంతా ఒక్కరి నుంచే వస్తున్నట్టు దానికి కనిపించింది. నాలుగు సర్వర్లలో ఒకటి ఉక్కిరిబిక్కిరి అవుతుంటే, మిగిలిన మూడూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాయి. క్లౌడ్‌లో చవకగా దొరికే బర్స్టబుల్ రకం (కొద్దిసేపే పూర్తి వేగం ఇచ్చే) యంత్రాలతోనూ జాగ్రత్త అవసరం: వాటిలో కొన్ని సీపీయూ క్రెడిట్లు (ఆ వేగానికి ఇచ్చిన కోటా) అయిపోగానే పరీక్ష మధ్యలోనే నెమ్మదిస్తాయి, ఆ ఆలస్యాన్ని మనం అప్లికేషన్ ఖాతాలో వేసేస్తాము.

కాబట్టి వాడకందారులు ఎక్కడున్నారో చూడాలి. ఉద్యోగులు మాత్రమే లోపలి నెట్‌వర్క్‌లో వాడే అప్లికేషన్‌కు క్లౌడ్ నుంచి లోడ్ పంపడం కోసం ఫైర్‌వాల్‌లో దారి తెరవడం అనవసరమైన తలనొప్పి. అదే జనమంతా వాడే సైటును లోపలి నుంచి పరీక్షిస్తే సీడీఎన్ (పేజీలను వాడకందారులకు దగ్గరి సర్వర్ల నుంచి అందించే వ్యవస్థ), ఫైర్‌వాల్, ఇంటర్నెట్ లింకు ఏవీ పరీక్షకు రావు. లింకు సంగతి తేలిగ్గా తీసుకోకూడదు: ఒక గిగాబిట్ లింకు సెకనుకు 125 మెగాబైట్లే మోయగలదు గనుక, పేజీ బరువు 500 కిలోబైట్లయితే సెకనుకు 250 పేజీలకే అది నిండిపోతుంది. అయితే నిదానంగా నడిచే డేటాబేస్ క్వెరీని పట్టుకోవాలన్నప్పుడు ఇవేవీ అడ్డు రాకపోవడమే మేలు, అక్కడ సొంత సర్వర్లకే నా ఓటు.

ఎన్ని యంత్రాలు కావాలో ముందే లెక్క వేసుకోవచ్చు. 1,000 మంది యూజర్లు ఒక్కో పేజీకి 2 సెకన్లు వేచి ఉండి, 8 సెకన్లు చదువుకుంటారనుకుంటే, సెకనుకు వచ్చేవి 100 రిక్వెస్టులే. ఈ మాత్రానికి క్లౌడ్ దాకా పోనక్కరలేదు.

ఇక ఖర్చు. క్లౌడ్ సంస్థలు సాధారణంగా లోపలికి వచ్చే డేటాను వదిలేసి, బయటికి పోయే డేటాకు డబ్బు తీసుకుంటాయి. అప్లికేషన్ క్లౌడ్‌లో ఉండి, లోడ్ మన సర్వర్ల నుంచి పంపితే ప్రతి రెస్పాన్స్‌కూ బిల్లు పడుతుంది; చవక అనుకున్న సొంత సర్వర్ల పరీక్ష అక్కడ ఖరీదైపోతుంది. భారీ లోడ్ పంపేముందు క్లౌడ్ సంస్థ నిబంధనలు చదివి, అవసరమైతే ముందుగా తెలియజేయాలి. అసలు కస్టమర్ల డేటాను మాత్రం ఏ పరిస్థితిలోనూ పరీక్షకు వాడకూడదన్నది నా పట్టుదల.

ప్రస్తుతం మేము ప్రతి రాత్రీ ఒక చిన్న పరీక్షను మా సొంత యంత్రం మీదనే నడుపుతున్నాము. యంత్రం మారదు కాబట్టి నిన్నటి అంకెతో ఈనాటి అంకెను నిశ్చింతగా పోల్చవచ్చు. పెద్ద విడుదలకు ముందు రెండు గంటల కోసం క్లౌడ్ తీసుకుంటాము. ఈ రెండింటి ఫలితాలను ఒకే గ్రాఫ్ మీద వేయము. క్లౌడ్ పరీక్ష చెక్‌లిస్టులో చివరి ప్రశ్న 'యంత్రాలన్నీ ఆపేశారా?' అన్నది. శుక్రవారం సాయంత్రం మరిచిపోయిన పది యంత్రాలు సోమవారం ఉదయం దాకా ఖాళీగా తిరిగిన తర్వాత దానిని నేనే చేర్చాను.