చెల్లెలి కణాలు, నా మనసు

మూలకణ మార్పిడి జరిగాక వంద రోజులు దాటితే పెద్ద గండం గట్టెక్కినట్టేనని వార్డులో అందరూ అనేవారు. ఆ వందో రోజు సాయంత్రం హైదరాబాద్ మల్కాజిగిరిలోని మా ఇంట్లో అమ్మ దేవుడి ముందు దీపం పెట్టి కళ్లు తుడుచుకుంటూ ఉంటే, పక్కగదిలో నేను గోడవైపు తిరిగి పడుకుని, బతికినందుకు నాకు సంతోషం ఎందుకు కలగడం లేదా అని ఆలోచిస్తున్నాను.

ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో, 21 ఏళ్ల వయసులో, నాకు రక్త క్యాన్సర్ బయటపడింది. కీమోథెరపీతో అదుపులోకి వచ్చినా తిరగబెట్టే ప్రమాదం ఎక్కువని, మూలకణ మార్పిడి, అంటే రక్తాన్ని తయారుచేసే కణాలను దాత నుంచి తీసుకుని ఎక్కించడం, తప్పదని డాక్టర్లు చెప్పారు. దాత కణాలు సరిపోతాయో లేదో తేల్చే హెచ్‌ఎల్‌ఏ గుర్తులు తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే అయినా, ఒక్కగానొక్క చెల్లెలితో నాకది కలిసింది. వరుసగా ఇంజెక్షన్లు వేయించుకుని, నడుము నొప్పిని ఓర్చుకుని, గంటల తరబడి యంత్రం పక్కన పడుకుని తను కణాలు ఇచ్చింది. గాలిని వడకట్టే గదిలో గడిపిన ఆ నెల గురించి ఎక్కువ చెప్పను. నోటిపూత, జ్వరం ఉన్నా, ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు, న్యూట్రోఫిల్స్, 500 దాటాలన్న ఒక్క ఎదురుచూపు మనసును నిలబెట్టింది.

ఇంటికొచ్చాక ఎదురుచూడడానికి ఏమీ మిగల్లేదు. స్టెరాయిడ్లతో ముఖం ఉబ్బింది, రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ మందు వల్ల చేతులు వణికేవి. మెట్రో ఎక్కవద్దన్నారు, బయటి తిండి వద్దన్నారు. స్నేహితులు క్యాంపస్ ఇంటర్వ్యూలకు వెళ్తున్న రోజుల్లో పాత టీకాల రక్షణ మార్పిడితో పోవడం వల్ల నేను చంటిపిల్లల టీకాలు మళ్లీ మొదటినుంచీ వేయించుకోవలసి వచ్చింది. పెళ్లి, పిల్లలు అన్న మాట ఎవరెత్తినా గదిలోకి వెళ్లిపోయేవాణ్ణి.

అన్నిటికంటే బరువైనది చెల్లెలి రుణం. నా రక్తాన్ని ఇప్పుడు తన కణాలే తయారుచేస్తున్నాయి కాబట్టి నా రక్తం గ్రూపు కూడా ఓ పాజిటివ్ నుంచి మెల్లగా తన బి పాజిటివ్‌గా మారింది. తనను ఒక్క మాట అనడానికి కూడా నాకు నోరు రాలేదు. దానమిచ్చిన కణాలు కొత్త శరీరాన్ని పరాయిదిగా భావించి దాడి చేయడం వల్ల నా చేతులపై దద్దుర్లు లేచినప్పుడు, తను తలుపు దగ్గరే నిలబడి "నా కణాల వల్లే కదా అన్నయ్యా" అని ఏడ్చింది. ఎవరికి వారం తప్పు చేసినట్టు ఒకరినొకరం తప్పించుకు తిరిగాం.

ఒక చెకప్‌లో రిపోర్టులన్నీ బాగున్నాయని చెప్పిన డాక్టరమ్మ, ఫైలు మూసి, "నిద్ర పడుతోందా బాబూ?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నేను వెక్కివెక్కి ఏడ్చాను. సైకియాట్రిస్టును కలవమన్నప్పుడు నాన్న మాత్రం "ఎర్రగడ్డకు పోవాల్సినంత ఏమైంది వీడికి?" అన్నారు. ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్న ఆ ప్రాంతం పేరునే ఈ నగరంలో తిట్టుగా వాడే అలవాటు వల్ల ఎంతమంది చికిత్సకు దూరమవుతున్నారో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. సైకియాట్రిస్టు నేను వాడుతున్న మందులన్నీ చూసి, వాటితో పడేదాన్నే ఎంచి రాశారు. నిద్రలేని ఒక రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే చాలాసేపు మాట్లాడాను. తరవాత కౌన్సెలర్ చెల్లెలినీ పిలిపించారు. ఆ గదిలో తను, "నీకు ఇచ్చింది అప్పు కాదు, నువ్వు మునుపటిలా నాతో పోట్లాడితే చాలు" అంది. స్కూటీ తాళం కోసం మేము మళ్లీ అరుచుకోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

మార్పిడి జరిగి రెండేళ్లు నిండాయి. వచ్చే నెల తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా ఇచ్చే ఎంఎంఆర్ టీకా వేస్తామన్నారు. దాని ముందురోజే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలి. బండి మీద తానే తీసుకెళ్తానని నాన్న అన్నారు.