బాబాయ్ ఆగస్టు ప్లాను

ఆదివారం. పొద్దున మార్కెట్‌కెళ్లి కూరగాయలు తెచ్చి పెసరట్టుకి పిండి రుబ్బుతుంటే గుంటూరు నుంచి బాబాయ్ ఫోన్. ఆగస్టులో పిన్నితో కలిసి నైరోబీ వస్తున్నారట. "ఒరేయ్, వైల్డ్‌బీస్ట్‌లు నది దాటేది గ్యారంటీగా చూపించాలి. పక్కనే సెరెంగెటి అంటగా, అదీ ఓ పూట చూసొద్దాం" అన్నారు. ఇక్కడ ఉద్యోగం చేస్తున్నానంటే ఆవుల్లా కనిపించే ఆ జింకలకి టైంటేబుల్ వేసేది నేనే అనుకున్నట్టున్నారు.

ఓ పూటా! నిజానికి ఇక్కడి కెన్యాలోని మసాయి మారా అభయారణ్యం, టాంజానియాలోని సెరెంగెటి రెండూ ఒకే గడ్డి మైదానం, మధ్యలో కంచె కూడా లేదు. 12, 13 లక్షల వైల్డ్‌బీస్ట్‌లు, వాటితో పాటు జీబ్రాలు, వాన పడి పచ్చిక మొలిచిన చోటికల్లా పోతూ ఏటా టాంజానియా నుంచి కెన్యాలోకి వచ్చి మళ్లీ వెళ్లిపోతాయి. మనకి మాత్రం మారా లోపలి నుంచి వెళ్లే దారి 1977 నుంచి మూతే, పడమర సరిహద్దు ఊరు ఇసెబానియా దాకా చుట్టు తిరిగి పోవాలి. పైగా కెన్యా, ఉగాండా, రువాండాలకు కలిపి ఒకే వీసా ఉంది గానీ అందులో టాంజానియా లేదు. "ఇదేం గోలరా" అని విసుక్కున్నారు బాబాయ్. నాకైతే మూసి ఉండటమే మేలనిపిస్తుంది, తెరిస్తే రెండు దేశాల జీపులూ ఒకే రేవు మీద పడతాయి.

ఇప్పుడే చాలడం లేదు. మంద గట్టు దాకా వచ్చి దూకాలా వద్దా అని తటపటాయిస్తుంటే జీపులు ఎగబడతాయి, అవి బెదిరి వెనక్కి మళ్లుతాయి. 2025లో సెరెంగెటి వైపు టూరిస్టులు ఏకంగా జీపులు దిగి గట్టు మీదే నిలబడ్డారు, ఆ వీడియో చూస్తే ఒళ్లు మండింది. మారాలో విదేశీయులకు ఏటా జూలై నుంచి డిసెంబరు దాకా టికెట్ రోజుకి 200 డాలర్లు చేశారు, అంత ఖర్చు పెట్టి వచ్చినవాడు ఇక క్రాసింగ్ చూడకుండా కదులుతాడా?

అందుకే మారా పక్కనే ఉండే నబోయిషో లాంటి కన్సర్వెన్సీ, అంటే జంతువుల కోసం వదిలిన ప్రైవేటు భూములు, చెప్పాను. అవి మసాయి తెగవాళ్లవి, క్యాంపుల వాళ్లు వాళ్లకి కౌలు కడతారు, జీపులు తక్కువ. ఆ డబ్బు సరిగా అందకపోతే మసాయిలు కంచెలు వేసుకుంటారు, అప్పుడిక వైల్డ్‌బీస్ట్‌లకి దారే ఉండదు, నాకు జీపుల కన్నా అదే పెద్ద టెన్షన్.

అంతా విని, "అక్కడ నది దాటడం కనిపిస్తుందా?" అన్నారు.

"కనిపించదు బాబాయ్."

"అయితే ఎందుకురా?"

పిన్ని ఫోన్ లాక్కుని, జనం లేని చోటే బుక్ చెయ్ నాన్నా అంది. రేపు ఆఫీసు నుంచి రేట్లు కనుక్కోవాలి.