బక్కోడి దోశల బాకీ

డిసెంబరులో జరిగే మా కాలేజీ బ్యాచ్ కలయికకు వేసే సంచిక కోసం కమిటీ వాళ్లు మూడోసారి ఫోన్ చేసి, "రెండు పేజీలు చాలు, ఏదో ఒకటి రాయి, ఫోటో మాత్రం పాతది పంపు" అన్నారు. పాత ఫోటో నా దగ్గర లేదు. ఉన్న ఒక్కటీ మా పేజీగాడి (అందరివీ ముద్దుపేర్లే) దగ్గరుంది, వాడు ఇవ్వడు. సరే, రాద్దామని కూర్చుంటే కాలేజీ నాలుగేళ్లలో నాకు సరిగ్గా గుర్తున్నది ఒక్క రాత్రి. థర్మోడైనమిక్స్ మనకు ఎవరు చెప్పారో కూడా గుర్తులేదు. పాసయ్యానని మార్కుల లిస్టు మాత్రం చెబుతోంది.

హాస్టల్ సీ బ్లాకు, రెండో అంతస్తు, నీళ్ల ట్యాంకు పక్క రూము. షిల్లాంగ్ నుంచి వచ్చినవాడి టూ-ఇన్-వన్, అంటే రేడియో, టేపురికార్డరు కలిసినది. టేపు చిక్కుపడితే పెన్సిలు పెట్టి తిప్పే పని ఎప్పుడూ స్లోహ్యాండ్‌దే. మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలు అడిగేవాడు కదా, ఆ పనికి వాడే తగినవాడు. రాత్రిళ్లు రాక్ గిటారిస్టుల్లో ఎవరు గొప్పని వాదన. వాడిది ఎరిక్ క్లాప్టన్ పార్టీ. పేజీగాడిది పేరులోనే ఉంది, జిమ్మీ పేజ్. బక్కోడు బ్లాక్‌మోర్ తప్ప ఇంకొకరి పేరు ఎత్తనిచ్చేవాడు కాదు. షిల్లాంగ్‌వాడు హెండ్రిక్స్ అని ఒక్క మాట అనేసి, మిగతా అందరం చిన్నపిల్లలమన్నట్టు నవ్వేవాడు. నాది గిల్మోర్ పార్టీ. పార్టీ అంటే నేనొక్కణ్ణే.

"యార్డ్‌బర్డ్స్ బ్యాండ్‌లో క్లాప్టన్ వెళ్లాక బెక్ వచ్చాడు, తర్వాత పేజ్ వచ్చాడు. ఒకే కుర్చీలో ముగ్గురూ కూర్చున్నారు. చివర కూర్చున్నవాడే గొప్ప" అని పేజీగాడి వాదన. "అలాగైతే మన మెస్ సెక్రటరీల్లో చివరివాడే గొప్పవాడా?" అని స్లోహ్యాండ్ అడిగాక వారం రోజులు ఆ వాదన వినపడలేదు. ఎందుకో మీకు తెలుసు.

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఎవరి వేళ్లు ఎలా కదులుతాయో రాత్రంతా కొట్టుకునేవాళ్లం కానీ, ఆ వేళ్లను మాలో ఒక్కడూ చూసి ఎరగడు. వీడియో లేదు. కాపీకి కాపీ తీసిన క్యాసెట్లు, వాటి వెనక సుయ్ మనే చప్పుడు, అంతే.

చూసినదల్లా ఒక్క ఫోటో. షిల్లాంగ్‌వాడు ఏదో పత్రికలోంచి కత్తిరించి తలుపు వెనక అంటించాడు. హెండ్రిక్స్, తెల్ల గిటారు, ఎడమచేత్తో వాయిస్తున్నాడు. బక్కోడు దాన్ని చూసి "ఫోటో బ్లాకు తిరగేసి అచ్చేశార్రా" అన్నాడు. షిల్లాంగ్‌వాడు కాదన్నాడు. మాటామాటా పెరిగి ముప్పై మసాలా దోశల పందెం దాకా వెళ్లింది. గేటు ఎదురుగా ఉన్న హోటల్లోనే, నెయ్యివి.

అప్పుడే, మాకు వేవ్స్ (తరంగాలు) పాఠం చెప్పే వేవ్స్ సార్ వచ్చారు. ఆ నెల డిప్యూటీ వార్డెన్ ఆయనే. రాత్రి పదకొండు దాటింది, లుంగీ మీదే వచ్చేశారు. ఫైను ఖాయమనుకుని అందరం లేచి నిలబడ్డాం. ఆయన మా వైపు చూడకుండా తలుపు దగ్గరికి వెళ్లి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు ఫోటోకి ఆనేలా వంగి చూశారు.

"గిటారు కొసన అక్షరాలున్నాయి చూశారా?"

మేమెవరం చూడలేదు. ఏడాదిగా అదే తలుపు వేసి తీస్తున్నాం.

"అద్దంలో బొమ్మయితే అక్షరాలు కుడి ఎడమలు మారాలి. ఇవి మారలేదు, తలకిందులయ్యాయి. తీగలు బిగించే కీలు కూడా కిందివైపు ఉన్నాయి. అంటే ఫోటో సరిగ్గానే ఉందయ్యా. కుడిచేతివాళ్ల గిటారునే ఇతను తిరగేసి పట్టుకున్నాడు."

బక్కోడి ముఖం చూడాల్సింది.

తర్వాత ఆయన మంచం మీద కూర్చుని "ఏదీ, వినిపించండి" అన్నారు. నాకు సందు దొరికింది. గిల్మోర్ పెట్టాను. "వీడు ఒక్క స్వరం మీదే కూర్చుంటాడు సార్, వేళ్లలో స్పీడ్ లేదు" అని పేజీగాడు ముందే అందుకున్నాడు. సార్ కళ్లు మూసుకుని విన్నారు. "ఇది గమకం కదయ్యా. వీణ మీద తీగ లాగినట్టే లాగుతున్నాడు" అన్నారు. మెస్ బిల్లు వెనక లెక్క మొదలైంది. ఫ్రీక్వెన్సీ తీగ బిగువు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. ఒక్కో ఫ్రెట్‌కి (గిటారు మెట్టుకి) అది 2 యొక్క పన్నెండో మూలం రెట్లు చొప్పున పెరుగుతుంది. తీగను పక్కకు లాగి రెండు ఫ్రెట్ల పైస్వరం పట్టాలంటే బిగువు దాదాపు 26 శాతం పెరగాలి. "అంత లాగి, సరిగ్గా శ్రుతిలో ఆపి, అక్కడే వణికించాలి. వేగంగా మెట్లు దిగడం ఎవరైనా దిగుతారు. ఒక మెట్టు మీద ఒంటికాలితో నిలబడమను చూద్దాం!"

పేజీగాడు ఆ రాత్రికి ఇంక మాట్లాడలేదు. నా జీవితంలో నేను గెలిచిన వాదన అదొక్కటే, అదీ సార్ గెలిపించింది.

వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, తనకూ వాళ్ల బావమరిదికీ రెండు సంక్రాంతులుగా మాటల్లేవన్నారు. కారణం ఈమని శంకరశాస్త్రి గారు గొప్పా, ఆయన శిష్యుడు చిట్టిబాబు గారు గొప్పా అని. "చిట్టిబాబు వీణ మీద కోయిలను కూయిస్తాడు, ఒప్పుకుంటాను. కానీ ఆ కోయిలకు గొంతు ఎవరిచ్చారయ్యా?" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. ఫైను సంగతి మరిచిపోయారు. మేం గుర్తు చేయలేదు.

వీడియోలు చాలా ఏళ్ల తర్వాత చూశాను. అందరం తప్పే. బ్లాక్‌మోర్ 'స్మోక్ ఆన్ ద వాటర్' మొదటి ముక్కను పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) లేకుండా వేళ్లతోనే మీటుతాడు, బక్కోడు పిక్ దెబ్బ అని నాలుగేళ్లు చేత్తో గాల్లో కొట్టి చూపించాడు. 'స్టెయిర్‌వే టు హెవెన్' పాటలో పేజ్ సోలో రికార్డు చేసింది రెండు మెడల గిటారు మీద కాదు, టెలీకాస్టర్ అనే ఒంటి మెడ గిటారు మీద. పేజీగా, ఇది నీకు ఫోన్లో చెబితే పెట్టేశావు, అందుకే ఇక్కడ అచ్చేయిస్తున్నాను. క్లాప్టన్‌కు 'స్లోహ్యాండ్' అన్న పేరు నెమ్మదిగా వాయిస్తాడని రాలేదు. తీగ తెగి మార్చుకుంటుంటే జనం నెమ్మదిగా చప్పట్లు కొట్టేవారట.

క్వీన్ గిటారిస్టు బ్రయన్ మే సంగతి మాత్రం సార్‌కి చెప్పాలని ఉండేది. తండ్రితో కలిసి పాత ఫైర్‌ప్లేస్ చెక్కతో సొంతంగా గిటారు చేసుకుని, పిక్‌కి బదులు ఆరు పెన్నీల నాణెంతో వాయించి, 2007లో అరవయ్యో ఏట ఖగోళ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తిచేశాడు. అది తెలిసేటప్పటికి సార్ లేరు.

నా గురించి కూడా రాయమన్నారు కాబట్టి: పవర్ ప్లాంట్లలో టర్బైన్ల వైబ్రేషన్ కొలిచి చెప్పడం నా పని. ఇరవై ఏళ్లు దాటింది. నేను సంతకం పెట్టకపోతే మెషిన్ మళ్లీ స్టార్ట్ చేయరు. షాఫ్ట్ మీద చెయ్యి వేసి తేడా చెప్పేస్తానని కుర్రాళ్లు అనుకుంటారు. తిరిగే షాఫ్ట్ మీద ఎవడైనా చెయ్యి వేస్తాడా? షాఫ్ట్‌ని మోసే బేరింగ్ పెడస్టల్ (దిమ్మె) మీద వేస్తాను. మా అమ్మాయి తన మొదటి జీతంతో గిటారు కొనుక్కుంటానంటే, తెల్లది కొనమన్నాను. నల్లది కొంది.

డిసెంబరులో అందరం వస్తున్నాం. గేటు ఎదుటి హోటల్ ఇంకా ఉందని కమిటీ సెక్రటరీ చెప్పాడు, నెయ్యి సంగతి తెలియదన్నాడు. బక్కోడా, పదకొండు దోశలు పెట్టించి పన్నెండో రోజు కడుపునొప్పని పడుకున్నావు. షిల్లాంగ్‌వాడు టికెట్టు బుక్ చేసుకున్నాడు. పంతొమ్మిది.