ఇద్దరు మనుషులకి ఒకే శాంపిల్ నంబరు

గుంటూరులో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌కి సిస్టమ్స్ నేనే చూస్తాను. ముందు రెండు రిజిస్ట్రేషన్ కౌంటర్లు, లోపలి గదిలో ఒక లినక్స్ సర్వర్. ఆ రోజు శాంపిల్ నంబరు సర్వర్‌లోని ఒక చిన్న ఫైల్లో ఉంటుంది. ఏ కౌంటరైనా ఆ ఫైలుకి లాక్ వేసి (అప్పుడు ఇంకో కౌంటర్ ఆగాలి), నంబరు చదివి, ఒకటి కలిపి రాసి, లాక్ వదలాలి. కౌంటర్ల నుంచి ఆ ఫైలుకి దారి ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ 3, అంటే సర్వర్‌లోని ఫైళ్లని నెట్‌వర్క్ మీద వేరే మెషీన్లు వాడుకునే పద్ధతి.

ఒక ఉదయం టెక్నీషియన్ రెండు ట్యూబులు పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. ఒకటి షుగర్‌కి తీసిన బూడిదరంగు మూతది, ఇంకోటి సీబీసీకి తీసిన ఊదారంగు మూతది. ఒకే నంబరు. ఒకే మనిషివైతే అది మామూలే. కానీ లేబుల్ పక్కన పెన్నుతో రాసిన పేర్లు వేరు. ఆ పేర్లు చూడకపోయి ఉంటే ఒకరి రిపోర్టు ఇంకొకరి చేతికి వెళ్లేది. నాకు కాళ్లు వణికాయి, ఎందుకంటే తప్పు నాదే.

అంతకు వారం ముందు కరెంటు పోయి సర్వర్ రీస్టార్ట్ అయింది. "అన్నా, స్క్రీన్ కదలట్లేదు" అని కౌంటర్ నుంచి ఫోన్. లాగ్‌లో 'లాక్‌డీ: సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్' అని ఉంది. లాక్‌డీ అంటే లాకుల పని చూసే ప్రోగ్రాం. బయట జనం ఎదురుచూస్తున్నారు. టెన్షన్‌లో రెండు కౌంటర్లలోనూ మౌంట్ ఆప్షన్లకి, అంటే సర్వర్ ఫైళ్లని కౌంటర్‌కి తగిలించే సెట్టింగులకి, 'నోలాక్' చేర్చేశాను. వెంటనే పని నడిచింది. నడవకపోయినా బాగుండేది. నోలాక్ పెడితే లాక్ ఆ ఒక్క మెషీన్ లోపలే ఉంటుంది, పక్క కౌంటర్‌కి కనపడదు. ఒకే మెషీన్‌లో పరీక్షిస్తే మాత్రం అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది, నేను పరీక్షించింది కూడా అలాగే.

మొదట స్క్రీన్ ఆగడానికి అసలు కారణం ఫైర్‌వాల్, అంటే నెట్‌వర్క్‌లో ఏ పోర్టులు (సర్వర్‌లోకి వెళ్లే నంబరు తలుపులు) తెరవాలో చూసే కాపలా. వెర్షన్ 3లో ఫైలు చదవడం, రాయడం ఒక ప్రోటోకాల్, లాక్ వేయడం వేరే ప్రోటోకాల్. ఫైళ్లకి 2049 పోర్టు ఎప్పుడూ అదే. లాక్‌డీకి మనం పోర్టు కట్టేయకపోతే సర్వర్ లేచిన ప్రతిసారీ ఏదో ఒకటి తీసుకుంటుంది, అదేంటో 111 పోర్టు మీదున్న ఆర్‌పీసీబైండ్ అనే ప్రోగ్రాంని అడిగి తెలుసుకోవాలి. పాత పోర్టు ఫైర్‌వాల్‌లో తెరిచి ఉంది, కొత్తది లేదు.

ఎన్‌ఎఫ్‌ఎస్ డాట్ కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్లో లాక్‌డీకి 32803, స్టాట్‌డీకి 662 అని పోర్టులు కట్టేసి, నోలాక్ తీసేశాను. స్టాట్‌డీని చిన్నచూపు చూడొద్దు. ఎవరి దగ్గర లాకులున్నాయో ఆ మెషీన్ల పేర్లు డిస్కు మీద రాసిపెట్టుకునేది అదే. సర్వర్ పడి లేచినప్పుడు వాళ్లకి కబురు వెళ్తుంది, పాత లాకులు వాళ్లు మళ్లీ అడిగి తీసుకుంటారు. అప్పటిదాకా సర్వర్ కొత్త లాకులు ఇవ్వదు. ఆ కాసేపు స్క్రీన్ ఆగితే కంగారు పడొద్దని కౌంటర్లో అమ్మాయిలకి కూర్చోబెట్టి చెప్పాను. రీస్టార్ట్ చేయకండి అని మరీ మరీ చెప్పాను.

అయినా ఒక భయం మిగిలింది. లాక్ పట్టుకున్న కౌంటర్ మెషీన్ ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా) కాలి మళ్లీ లేవకపోతే? వెర్షన్ 3లో ఆ లాక్ అలాగే ఉండిపోతుంది. అందుకే తర్వాతి ఆదివారం ల్యాబ్ మూశాక వెర్షన్ 4కి మార్చాను. 2003 నాటి స్పెసిఫికేషన్‌లోనే లాకులు ప్రోటోకాల్ లోపలికి వచ్చేశాయి, పోర్టు 2049 ఒక్కటి చాలు. క్లయింటు, అంటే ఇక్కడ కౌంటర్ మెషీన్, తన లీజు (లాక్ ఉంచుకునే గడువు) రెన్యూ చేసుకుంటూ ఉండాలి, ఆ గడువు లినక్స్ సర్వర్‌లో మామూలుగా 90 సెకన్లు. అది దాటితే సర్వర్ ఆ లాక్‌ని ఇంకొకరికి ఇచ్చేయగలదు. ఆ పని ముందే చేసి ఉండాల్సింది.

ఈసారి పరీక్ష రెండు కౌంటర్ల నుంచీ చేశాను. మొదటిదాంట్లో ఎఫ్‌లాక్ కమాండ్‌తో లాక్ పట్టి పది నిమిషాల స్లీప్ పెట్టాను. రెండోదాంట్లో అదే కమాండ్ కొడితే కర్సర్ మిణుకుమిణుకుమంటూ ఆగింది. అప్పుడు మొదటి మెషీన్ ప్లగ్ పీకేసి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని రెండోదాని ముందు కూర్చున్నాను. నిమిషంన్నర దాటాక లాక్ దానికి దొరికింది.